ఆకు గుబురు

గూగూడు పీర్లకు మొక్కుకుంటే పుట్టినానని
నాకు కుళ్లాయప్ప అని పేరు పెట్టిరి.
పేరులోనే కుళ్లాయి ఉండాది కదప్పా, నెత్తిన వెంట్రుకలు నీకేల
అని ఉరవకొండ మగ్గాల సందులో ఎగతాళి.
నవ్వినా. ముప్పై రెండేళ్లకు నవ్వడం అలవాటైపోతాది.

కానీ పడుగు మీంద రాలిన వెంట్రుకను చూసి నవ్వలేకపోతి.
పసుప్పచ్చ పట్టు మీంద నల్లగా, ఒంటిగా.
పోగు తెగితే బూడిద అద్ది అతికిస్తా,
వేలితో మెలేస్తే అయిపాయ.
దీన్ని యాడ అతికించేది?

అనంతపురంలో టవర్‌క్లాక్ అవతల చర్మం డాక్టరు
నెత్తి మీందికి లైటు వంచి చూసి
రోజుకొకటి అన్నాడు. అంతే అన్నాడు.
ఇంకేమన్నా అయితాదా సార్ అని నేనడగలా,
ఆయన చెప్పలా.
బయట నలభై మంది కూచోనుండారు.

నాలుగు నెలలకు
తొలకరి తర్వాత గరిక మాదిరి
నుదుటి మీంద నూగు లేచె.
చౌడేశ్వరి నూనె రాస్తా రాస్తా
"అబ్బో, పెండ్లికొడుకు వచ్చినాడే" అనె.
ఆ రేతిరే మొదటిసారి
పెండ్లికొడుకు రాలేదు.

అలసట అనుకుంటి.
మర్నాడు కరెంటు పాయ, ఆ మర్నాడు ఉక్క,
ఆపైన శ్రావణమాసం ఆర్డర్లు.
నిజం చెప్పాలంటే
ముందు వచ్చింది చేతకాకపోవడం కాదు,
అక్కర లేకపోవడం.
ఆమె కొప్పు విప్పితే మరువం వాసన తెలుస్తాది.
అంతే, తెలుస్తాది.
పక్కింటోళ్ల తాళింపు తెలిసినట్ల.

బస్టాండు గోడ మీంద రహస్య వ్యాధుల బోర్డు:
నెలకు మొదటి ఆదివారం, లాడ్జి, రూము నంబరు ఏడు.
తల వంచుకోని దాని ముందర మూడుసార్లు నడిచినా.
వంచిన తల నిండా జుట్టు.

మా మామ వజ్రకరూరు కాడ నాలుగెకరాలు బుడ్డలేసిండె.
చెట్టు మోకాలెత్తు,
దారిన పోయేటోళ్లు నిలబడి చూసే పచ్చన.
ఒకటి పీకి నాకు చూపిచ్చె.
ఊడలే. బుడ్డ ఒక్కటి ల్యా.
"పైనంతా ఆకు గుబురు అల్లుడా, కింద ఏమీ ల్యా"
అని మట్టి విదిలిచ్చె.
పాపం, ఆయన సేద్యం సంగతే చెప్పె.
నాకే గొంతు ఆరిపాయ.

ఆ రేతిరి మాత్రల డబ్బాలో కాగితం విప్పినా.
ఎనిమిది మడతలు, చీమ తలకాయంత అక్షరాలు, ఇంగ్లీషు.
సెల్లుతో పెద్దది చేసి ఒక్కో మాట కూడగట్టుకుంటే
ఉండాది. నా సంగతి ఉండాది అందులో.
కొద్దిమందికి, అని ఉండాది.
ఆ కొద్దిమందిలో నేనుండానని ఎవురికి రాసి పంపేది?

చౌడేశ్వరికి ముందే తెలుసు.
కండెలు చుట్టే మనిషి, లెక్క తప్పదు.
పట్టుపెట్టెలో అట్టలు చూసి, ఖాళీ గుంతలు ఎంచింది,
నూట డెబ్బై మూడు.
"ఆ పనికి వేసుకునే మాత్రలేమో,
పాపం పని చేయడంల్యా అనుకుంటి" అనె.
నవ్వల్నో ఏడవల్నో తెలీక దువ్వెన పట్టుకోని కూచుంటి.
చెప్పినా. మొత్తం చెప్పినా.
చాలాసేపటికి, గోడ వైపు తిరిగి,
"ఇంకెవరన్నా ఉందేమోనని
ఇన్నాళ్లూ నీ చొక్కాలు వాసన చూస్తాంటి" అనె.
"వెంట్రుకలకు ఇంత ఖర్చా."
ఖర్చంటే దుడ్లు కాదని నాకు తెలుసు.

డాక్టరు ఈసారి నెత్తి చూడలా, కండ్లు చూసె.
మానేసి చూడు, చాలామందికి తిరిగి వస్తాది,
నెలలు పట్టొచ్చు, అనె.
చాలామందికి.
మళ్లీ అదే లెక్క, ఇంకో వైపు నుంచి.

ఈ పొద్దుకు నలభై రోజులు.
గంధం రంగు పడుగు మీంద రెండు వెంట్రుకలు.
పిలిచి చూపిస్తే
తడి వేలితో ఎత్తి, వెలుతురుకు పట్టి,
"వానకు ముందు ఈదురుగాలి" అనె.
వాన మాటెత్తాకు, ఇది అనంతపురం జిల్లా, అంటి.
నవ్వె.
ఆ రెండూ పారెయ్యల్యా,
కండెల బుట్ట అంచుకు అంటిచ్చి పాయ.